సగమే వంగిన వెలుగు

మనిషిని నవ్వుతూ సాగనంపడం, తిట్టి గెంటేయడం కంటే నీచమైన పని. ఈ సంగతి నాకు ఒక గురువారం పొద్దున పదకొండు గంటలకి, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య, లిఫ్టు క్యాబిన్ నెత్తి మీద నిలబడి ఉండగా తెలిసింది.

నేను లిఫ్టు మెకానిక్‌ని. ఇరవయ్యారేళ్ళుగా అదే పని. మేము క్యాబిన్ పైకెక్కి స్విచ్ తిప్పామంటే లిఫ్టు ఇక ఎవరి మాటా వినదు, మా మాటే వింటుంది. బయట నిలబడి బటన్ నొక్కేవాళ్ళకి ఇది తెలియదు. ఇంకో సంగతి కూడా తెలియదు. తలుపు ముందు నిలబడి వాళ్ళు మాట్లాడుకునే ప్రతి ముక్కా లోపల లిఫ్టు గొయ్యిలో ఉన్నవాడికి చెవిలో చెప్పినట్టు వినపడుతుంది. ఏ మేనేజరుకి ఏ జబ్బు, ఎవరి అల్లుడు తాగొచ్చి గొడవ చేశాడు, అన్నీ విన్నవాణ్ణే. ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేయడం మా వృత్తిధర్మం. ఆ రోజు మాత్రం వదల్లేకపోయాను. మాట్లాడుతున్నది నా మేనకోడలు. మాట్లాడుతున్నది నా గురించి.

మొదటినుంచీ చెప్పకపోతే నా కోపం మీకు తిక్కలా కనపడుతుంది, అందుకని చెబుతున్నాను.

పన్నెండేళ్ళ కిందట ఒక పత్రికలో చదివాను. ఎత్తులో ఉన్న గడియారం కంటే కింద ఉన్న గడియారం నెమ్మదిగా నడుస్తుందట. గడియారం చెడిపోయి కాదు, అక్కడ కాలమే నెమ్మది. తేడా లెక్కలోకి రానంత చిన్నది, కానీ మంచి గడియారాలు పెట్టి కొలిచారు, నిజమే. బతుకంతా పైకీ కిందకీ తిరిగేవాడికి ఈ మాట ఎలా తగులుతుందో ఆలోచించండి. పన్నెండో అంతస్తులో బోల్టు బిగిస్తున్నప్పుడు నా వయసు ఒక వేగంతోనూ, అడుగున గొయ్యిలో నూనె తుడుస్తున్నప్పుడు ఇంకో వేగంతోనూ పెరుగుతోందన్నమాట.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. కింద కాలం నెమ్మది కాబట్టే వస్తువులు కింద పడుతున్నాయేమో. బండికి ఒక పక్క చక్రం నెమ్మదిగా తిరిగితే బండి ఆ పక్కకే మళ్ళుతుంది కదా! చోటు వంగిందనీ కుంగిందనీ పుస్తకాల్లో వేసే బొమ్మలేవీ అక్కర్లేదు. చోటు మా హాల్లో బండపరుపులా చదునుగానే ఉంది. కాలం ఒక్కటే ఒక్కోచోట ఒక్కోలా నడుస్తోంది. గురుత్వాకర్షణ అంటే అంతకు మించి ఏమీ లేదు. ఇదీ నా వాదం.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని నాతో పనిచేసేవాళ్ళు ఎగతాళి చేశారు. చేసుకోనీ. నేను ఊరికే వాగలేదు, లెక్క కట్టాను. మేనకోడలు చదివి పక్కన పడేసిన కాలేజీ పుస్తకాలు ఒక్కొక్కటే తెచ్చుకుని, అర్థం కాని పేజీని ఇరవైసార్లు చదివి, నాలుగు నోటు పుస్తకాలు నింపాను. రాయి ఎంత వేగంగా పడాలో నా లెక్కలో వచ్చింది, సరిపోయింది. చంద్రుడు ఎన్నాళ్ళకి చుట్టి రావాలో వచ్చింది, అదీ సరిపోయింది. చివరికి వెలుగు. నక్షత్రం నుంచి వచ్చే వెలుగు సూర్యుడి అంచును రాసుకుంటూ వస్తే కొంచెం వంగుతుంది. ఒక డిగ్రీని మూడువేల ఆరువందల ముక్కలు చేస్తే అందులో ఒకటీ ముప్పావు ముక్కంత. గ్రహణాలప్పుడు కొలిచి పుస్తకాల్లో రాశారు. నా లెక్కలో సరిగ్గా ఒకటీ ముప్పావు వచ్చింది. ఆ రోజు సంతోషం పట్టలేక పది అంతస్తులు మెట్ల మీద ఎక్కాను, పక్కనే లిఫ్టు పెట్టుకుని.

నాకు కావలసింది ఒక్కటే. తెలిసినవాళ్ళు ఎవరైనా దాన్ని చదివి, ఒప్పయితే ఒప్పు, తప్పయితే తప్పు అని చెప్పాలి. పేరు అడగలేదు, ఫోటో అడగలేదు.

తెలిసినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. అక్క కూతురు భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. బావ పోయేటప్పటికి దానికి నాలుగేళ్ళు. అప్పటినుంచీ అక్కా, నేనూ, అదీ ఒకే ఇంట్లో. ఒకచోట నిలిచేది కాదు, అందుకని పిచ్చుకా అని పిలిచేవాణ్ణి, ఇప్పటికీ అదే పేరు. దానికి ఎక్కాలు నేర్పింది నేనే. రెండేళ్ళ కిందట నాలుగో నోటు పుస్తకం దాని బల్ల మీద పెట్టి, "తీరికున్నప్పుడు చూడవే" అన్నాను.

"చూస్తా మామయ్యా" అంది. నెల పోయాక, "చూస్తున్నా మామయ్యా" అంది. ఏడాది పోయాక, "చాలా బాగుంది మామయ్యా, ఇంకా కొంచెం చూడాలి" అంది. నేను తొందరపెట్టలేదు. పెద్ద చదువులవాళ్ళకి పెద్ద పనులుంటాయనుకున్నాను. ఇంతలో దాని పరిశోధనాలయంలో ఏటా పెట్టే ప్రజల రోజు వచ్చింది. ఆ రోజు బయటివాళ్ళెవరైనా వచ్చి తమ ఆలోచన పది నిమిషాలు చెప్పుకోవచ్చు. "శనివారానికి నీ పేరు కూడా ఇచ్చాను మామయ్యా" అంటే, చదివి బాగుందనుకున్నాకే ఇచ్చిందని సంబరపడ్డాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుని విప్పాను, వెర్రివెధవని.

ఆ పరిశోధనాలయం లిఫ్టు చూసేది మా కంపెనీయే. గురువారం తనిఖీకి వెళ్ళాను. క్యాబిన్ మీద నిలబడి తాళ్ళు చూస్తున్నాను. నాలుగో అంతస్తు తలుపు అవతల దాని గొంతు వినపడింది. దాంతోపాటు వాళ్ళ పెద్దసారు గొంతు.

"శనివారం మీ మామయ్యగారు మాట్లాడుతున్నారటగా. దేని గురించమ్మా?"

"చోటు చదునుగానే ఉంటుంది, కాలం ఒక్కటే మారుతుంది, గురుత్వాకర్షణంతా దానివల్లే అని, సార్."

"ఓహో. అలా చేస్తే వెలుగు సగమే వంగుతుంది కదా?"

"సగమే సార్. ఆయన లెక్క మధ్యలో ఒక రెండు వేసేశారు. మొదటిరోజే చూశాను."

"చెప్పలేదా?"

"ఎలా చెప్పను సార్? పన్నెండేళ్ళ పని. నన్ను పెంచిన మనిషి. పది నిమిషాలు మాట్లాడి, సర్టిఫికెట్ తీసుకుని, సంతోషంగా ఇంటికొస్తారు. ప్రశ్నలేమీ అడగొద్దు, చప్పట్లు కొట్టండి చాలని మావాళ్ళకి చెప్పాను."

పెద్దసారు నవ్వాడు. "మంచి పని చేశావు. ఇలాంటివాళ్ళు ఏటా ఒకరిద్దరు వస్తారు. పాపం, ఎవరికీ హాని చెయ్యరు."

ఎవరికీ హాని చెయ్యరు! కుక్కపిల్ల గురించి అనే మాట. అరికాలి మంట నెత్తికెక్కింది. బటన్ నొక్కి క్యాబిన్‌ని ఇంకో రెండడుగులు పైకి తెచ్చి, లోపలినుంచి గొళ్ళెం ఎత్తి రెండు చేతులతో తలుపు తోసేశాను. వాళ్ళ కళ్ళ ముందు నేను నడుము దాకా నేలలో పాతేసినట్టు, ఒంటినిండా నూనె మరకలతో ప్రత్యక్షమయ్యాను. పెద్దసారు చేతిలో కప్పు జారిపోయింది. అది మాత్రం నా లెక్క ప్రకారమే పడింది.

"ఏ రెండు?" అన్నాను.

"మామయ్యా! నువ్వు... ముందు పైకి రా, జాగ్రత్త..."

"జాగ్రత్త నాకు నేర్పకు. ఏ రెండు?"

పెద్దసారు తేరుకుని, "మీరు కోపగించుకోకండి. ఈ వయసులో మీ ఆసక్తి నిజంగా మెచ్చుకోదగ్గది..." అని మొదలుపెట్టాడు.

"మీరు ఆగండి సార్. ఈ లిఫ్టు బ్రేకు అరిగిపోయిందని నాకు తెలుసనుకోండి. చెబితే మీ మనసు కష్టపడుతుందని, బ్రహ్మాండంగా ఉంది సార్ అని నవ్వి వెళ్ళిపోయాననుకోండి. నన్నేం చేస్తారు? ఉద్యోగం ఊడగొడతారు. జైల్లో వేయిస్తారు. వేయించాలి కూడా. మరి మీ చదువులో, తప్పు తెలిసీ నోరు మూసుకున్నవాళ్ళు మంచివాళ్ళా?"

పెద్దసారు వంగి, పగిలిన కప్పు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. తలుపు మూసేసి పని పూర్తి చేశాను. కోపం ఎంతున్నా బోల్టు వదులుగా వదిలి రావడం నా వల్ల కాదు.

ఇంటికొచ్చేసరికి అక్క బట్టలు మడతపెడుతోంది. సంగతి అప్పటికే చేరినట్టుంది. నన్ను చూడగానే, "పోనీలేరా, చిన్నపిల్ల. నీ మనసు కష్టపెట్టకూడదని..." అంది.

"నీక్కూడా తెలుసా?"

అక్క మడత విప్పి మళ్ళీ మడతపెట్టింది. "అది అప్పుడే చెప్పింది. నేనే వద్దన్నాను. వాడికి అదొక్కటే కాలక్షేపం, ఎందుకే పాడుచేయడం అన్నాను."

కాలక్షేపం. సెలవు రోజుల్లో ఎటూ వెళ్ళకుండా, కళ్ళు మండుతున్నా పుస్తకం మూయకుండా చేసిన పని మా అక్కకి కాలక్షేపం. ఇద్దరూ కూడబలుక్కుని రెండేళ్ళు నాకు జోలపాడారు. రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటూ, "లెక్కలు ఎందాకా వచ్చాయిరా" అని అడిగిన అక్క! ఏమేమి అన్నానో నాకే గుర్తులేదు. గుర్తున్నంతవరకు రాయడానికి సిగ్గేస్తుంది.

పిచ్చుక వచ్చి, నోటు పుస్తకం నా ముందు పెట్టి, ముప్పై ఒకటో పేజీ తీసింది. "చెబుతాను మామయ్యా. నువ్వు చాలా దూరం వచ్చావు, నిజంగా, చాలామంది ఇక్కడిదాకా కూడా..."

"మెత్తగా చెప్పకు. తప్పు చెప్పు."

"సరే. వెలుగు సూర్యుడి దగ్గరకి వచ్చేటప్పుడు కొంత వంగుతుంది, దాటి వెళ్ళేటప్పుడు కొంత వంగుతుంది. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నువ్వు ఒకేసారి కూడేశావు. రావడం, పోవడం రెండూ ఆ మొత్తంలోనే ఉన్నాయి. దాన్ని పట్టుకెళ్ళి మళ్ళీ రెండుతో గుణించావు."

చూశాను. చూడగానే తెలిసిపోయింది. మా లిఫ్టుల్లో ఒక రకం ఉంది. తాడును నేరుగా క్యాబిన్‌కి కట్టరు. క్యాబిన్ మీదున్న కప్పీ కిందుగా తిప్పి, మళ్ళీ పైకి తీసుకెళ్ళి పైకప్పుకి బిగిస్తారు. క్యాబిన్ ఒక మీటరు కదలాలంటే తాడు రెండు మీటర్లు నడవాలి. వచ్చే తాడు ఒకటి, పోయే తాడు ఒకటి. ఇరవయ్యారేళ్ళుగా తాడు పొడవు లెక్క కట్టినప్పుడల్లా నా చేయి మొదట రెండు వేస్తుంది. వెలుగుకీ అదే వేసింది. ఈ భూమ్మీద లిఫ్టు మెకానిక్ తప్ప ఇంకెవడూ చేయని తప్పు.

"మిగతా సగం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాను.

"చోటు నుంచి. చోటు కూడా వంగే ఉంది మామయ్యా. రాయి, చంద్రుడు చాలా నెమ్మది. వాటి సంగతి తేల్చడానికి కాలం ఒక్కటే చాలు, అందుకే నీ లెక్క అక్కడ సరిపోయింది. వెలుగు వేగానికి చోటు వంపు కూడా అంతే గట్టిగా తగులుతుంది. కాలం వల్ల సగం, చోటు వల్ల సగం."

"చోటును చదునుగానే ఉంచి కుదర్చలేమా?"

"కుదర్చొచ్చు. కాలంతోపాటు కొలబద్దలు కూడా ఒక్కోచోట ఒక్కోలా కుదించుకుపోతాయని ఒప్పుకుంటే. కానీ అప్పుడు కాలం ఒక్కటే మారుతుందన్న మాట పోతుంది. నీ వాదమే అది కదా."

గోడ గడియారం చూశాను. "ఇదంతా చెప్పడానికి నీకు పది నిమిషాలు పట్టింది."

"అవును."

"మరి రెండేళ్ళు ఎందుకు పట్టింది?"

దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వేమైపోతావో అని భయమేసింది మామయ్యా."

"ఏమైపోతాను? ఏడో ఎక్కం తప్పు చదివినప్పుడు నువ్వేమైపోతావో అని నేను ఊరుకున్నానా? ఊరుకుంటే ఇవాళ నువ్వు ఆ బిల్డింగులో ఉండేదానివా? నిన్ను మనిషిని చేస్తే, నువ్వు నన్ను పసిపిల్లాణ్ణి చేశావు."

అది ఏడుస్తూ లోపలికి పోయింది. నేను ఓదార్చలేదు. ఓదార్పుతోనే కదా ఇంత దూరం వచ్చింది.

శుక్రవారం సెలవు పెట్టి, ఆ రెండు తీసేసి లెక్క మళ్ళీ కట్టాను. మూడుసార్లు కట్టాను. మూడుసార్లూ సున్నా పాయింట్ ఎనిమిది ఏడు. ఒకటీ ముప్పావులో సగం. ఆ అంకె ఎక్కడో చూసినట్టే ఉంది గానీ, ఒళ్ళు మండుతున్నవాడికి ఎక్కడా ఏమిటా అని ఆలోచించే ఓపిక ఎక్కడిది?

శనివారం వెళ్ళనని వాళ్ళంతా అనుకున్నారు. వెళ్ళాను. హాలు నిండా జనం. నాకంటే ముందు ఒకాయన చమురు అక్కర్లేకుండా ఎప్పటికీ తిరిగే చక్రం బొమ్మ గీశాడు. ఎవరూ కిక్కురుమనలేదు. చప్పట్లు కొట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు, ఆయన మురిసిపోతూ దిగాడు. ఇంకాసేపట్లో నేనూ అలాగే దిగుతానని వాళ్ళు రాసిపెట్టుకున్నారు.

వేదికెక్కాను. నా వాదం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పి, "ఇది తప్పు" అన్నాను. ముప్పై ఒకటో పేజీలో ఉన్నది బోర్డు మీద రాశాను. రెండు చుట్టూ గుండ్రంగా గీశాను. తాడూ కప్పీ బొమ్మ వేసి, నా చేయి ఆ రెండును ఎక్కణ్ణుంచి తెచ్చిందో చెప్పాను. కాలం ఒక్కటే అయితే వెలుగు సగమే వంగుతుందని, లోకంలో వెలుగు అలా చేయట్లేదని చెప్పాను.

చప్పట్లు కొట్టారు.

"తప్పయిందని చెబుతుంటే చప్పట్లేమిటి? విన్నారా అసలు?" అని అరిచాను. హాస్యమాడుతున్నాననుకున్నారు. నవ్వి ఇంకా గట్టిగా కొట్టారు. ఒకాయన సర్టిఫికెట్ పట్టుకుని వేదికెక్కాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆ క్షణాన ఆ హాలుకో లిఫ్టు ఉంటే తాళ్ళు కోసేసేవాణ్ణి.

"నాదో ప్రశ్న" అంది వెనక వరసలోంచి ఒక గొంతు.

పిచ్చుక నిలబడి ఉంది. కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి. ముందు వరసలోంచి పెద్దసారు కూర్చోమని చెయ్యి ఊపాడు. అది కూర్చోలేదు.

"తాడు అలవాటు కొద్దీ రెండు వేశానన్నారు" అంది. పుట్టి బుద్ధెరిగాక నన్ను మీరు అనడం అదే మొదటిసారి. "రెండు వెయ్యకముందు మీ లెక్కలో ఎంత వచ్చింది?"

"సున్నా పాయింట్ ఎనిమిది ఏడు."

"అది నిన్న వచ్చింది. నేను అడుగుతున్నది అప్పటి సంగతి. మొదటిసారి లెక్క కట్టినప్పుడు."

ఆ అంకె ఎక్కడ చూశానో గుర్తొచ్చింది. మూడో నోటు పుస్తకం చివరి అట్ట మీద, పెన్సిల్‌తో, నా చేతిరాతతో. కొట్టేసి ఉంది.

"అప్పుడూ అంతే వచ్చింది" అన్నాను.

"పుస్తకంలో ఒకటీ ముప్పావు అని చూసింది అంతకు ముందా, తర్వాతా?"

"తర్వాత."

"చూసిన ఎన్నాళ్ళకి రెండు వేశారు?"

"అదే రోజు" అన్నాను.

"అయితే తాడు సంగతి తర్వాత దొరికిన సాకు. జవాబు చూసి లెక్క దిద్దారు. దాన్ని పొరపాటు అనరు. మా దగ్గర ఎవరైనా అలా చేస్తే బయటికి పంపిస్తారు."

చెవులు కాలిపోయాయి. వందమంది ముందు, నేను ఎత్తుకు పెంచిన పిల్ల నన్ను దొంగను చేసి నిలబెట్టింది. ఒళ్ళంతా మంటలెత్తిపోయింది, దాని మీదా, నా మీదా. కానీ గురువారం నుంచీ నన్ను తినేస్తున్న కోపం ఇది కాదు. ఎదురుగా ఒక మనిషి నిలబడి, నన్నూ ఒక మనిషిగా ఎంచి కొట్టిన దెబ్బకి వచ్చిన కోపం ఇది.

"అవును. జవాబు చూసే వేశాను" అన్నాను.

పెద్దసారు లేచి, "చాలమ్మా, సమయం అయిపోయింది, పెద్దాయన్ని ఇబ్బంది..." అన్నాడు.

"అవ్వలేదు సార్. ఇంకా మూడు నిమిషాలుంది" అని, అది నా వైపు తిరిగింది. "బుధగ్రహం తిరిగే దారి కొద్దికొద్దిగా పక్కకి జరుగుతూ ఉంటుంది. ఎంత జరుగుతుందో కొలిచారు. మీ లెక్క ప్రకారం ఎంత జరగాలి?"

"చూడలేదు."

"పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదా?"

"లేదు."

"ఎందుకని?"

"తప్పొస్తుందేమోనని భయమేసి."

"వస్తుంది. నేను కట్టి చూశాను. అదీ కుదరదు. బోర్డు మీద మీరే కట్టండి, ఎక్కడ కుదరదో అందరం చూద్దాం."

సర్టిఫికెట్ పట్టుకున్నాయన్ని పక్కకి జరగమని, సుద్దముక్క తీసుకున్నాను. మొదటి వరుస సగం రాశానో లేదో, వెనక నుంచి పిచ్చుక గట్టిగా అరిచింది.

"తప్పు!"

తుడిచేసి మళ్ళీ రాశాను.